ఊరి లెక్కలో చిల్లర నష్టాలు

2025 మార్చి 15, శనివారం

సాయంత్రం మిఠాయి కొట్లో కిలో కాజాలు అడిగాను. కుర్రాడు కాటా మీద ముందు అట్టపెట్టె పెట్టి, దాని బరువు తీసేయకుండానే కాజాలు సర్దాడు. పెట్టె బరువు మినహాయించి తూచమంటే, "ఎక్కడైనా ఇంతేనండీ, పెట్టెతో కలిపే" అన్నాడు. ఆ మాటలో దురుద్దేశం ఏమీ లేదు. పనిలో చేరిన రోజున అలాగే నేర్పి ఉంటారు. నా వెనక నిలబడ్డ పెద్దాయనే విసుక్కున్నారు: "రెండు కాజాల కోసం ఏమిటండీ, పోనివ్వండి."

ఇంటికొచ్చి లెక్క వేశాను. పెట్టె బరువు 60 గ్రాములు, కిలో ధర 800 రూపాయలు అనుకుందాం. మనిషికి 48 రూపాయల నష్టం. రోజుకు 200 పెట్టెలు కట్టే కొట్టయితే 12 కిలోల అట్ట మిఠాయి ధరకు అమ్ముడుపోతుంది. అంటే 9,600 రూపాయలు. నెల తిరిగేసరికి మూడు లక్షలకు దగ్గర. తూనికలు కొలతల చట్టం ప్రకారం డబ్బు తీసుకోవాల్సింది సరుకు నికర బరువుకే. చట్టం తెలియని కొట్టు ఉండదు. కొన్నవాళ్లలో ఎవరూ 48 రూపాయల కోసం ఆగరన్నదీ ఆ కొట్టుకు తెలుసు.

ఈ రోజు ప్రపంచ వినియోగదారుల హక్కుల దినం. 1962లో ఇదే తేదీన అమెరికా అధ్యక్షుడు కెనెడీ తమ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో కొనేవాడికి నాలుగు హక్కులున్నాయన్నాడు: భద్రత, సమాచారం, ఎంపిక, తన మాట వినిపించుకోవడం. మన 1986 వినియోగదారుల రక్షణ చట్టం వీటికి పరిహారం పొందే హక్కునూ, వినియోగదారుడిగా తెలుసుకునే హక్కునూ చేర్చింది. ఆరు హక్కులూ కాగితం మీద భద్రంగా ఉన్నాయి. కానీ ఆ పెద్దాయన అన్న "పోనివ్వండి" ఉన్నంతకాలం కొట్టువాళ్లకు భయం లేదు.

ఈ ఏడాదంతా ఇలాంటి చిల్లర నష్టాలు ఈ పుస్తకంలో రాయాలి. ఒక్కరికి ఎంత, ఊరికి ఎంత అని పక్కపక్కనే.

మార్చి 30, ఆదివారం, ఉగాది

హోటళ్లు బిల్లులో సర్వీస్ చార్జీని తప్పనిసరి చేయకూడదని మొన్న శుక్రవారం ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలను హోటళ్ల సంఘాలు సవాలు చేశాయి. ఆ మార్గదర్శకాలు చెల్లుతాయని కోర్టు తేల్చింది. వడ్డించినవారికి ఇవ్వాలనిపిస్తే ఎంతైనా ఇవ్వొచ్చు. బిల్లులో అచ్చువేసి వసూలు చేయడం మాత్రం కుదరదు.

ఈ ప్రాధికార సంస్థ 2020 జులై 24న ఏర్పడింది. పాత చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఇదే అనుకుంటాను. అంతకుముందు ఎవరి కేసు వాళ్లే వేసుకోవాలి, ఎవరి పరిహారం వాళ్లే తెచ్చుకోవాలి. ఇప్పుడు కొనేవాళ్లందరినీ ఒక వర్గంగా చూసి, ఎవరూ అడగకపోయినా విచారణ మొదలుపెట్టగల సంస్థ ఒకటుంది. సరుకు వెనక్కి రప్పించగలదు, తప్పుడు ప్రకటన ఆపించగలదు, జరిమానా వేయగలదు.

ఏప్రిల్ 10, గురువారం

మంగళవారం నుంచి గ్యాస్ బండ ధర 50 రూపాయలు పెరిగింది. అపార్ట్‌మెంటులో అందరి నోటా అదే మాట. బండ తెచ్చే అబ్బాయి ప్రతిసారీ బిల్లు మీద తీసుకునే డబ్బు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఇంటికి చేర్చే ఖర్చు బిల్లు ధరలోనే కలిసి ఉంటుంది. గోడౌనుకు వెళ్లి మనమే తెచ్చుకుంటే ఆ మేరకు తగ్గించి ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. ఇది చెబితే మూడో అంతస్తు వదినగారు, "పాపం ఎండలో మోసుకొస్తాడండీ, కాదని ఎలా అంటాం?" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ మోతకు కూలి ఇవ్వాల్సింది ఏజెన్సీ. అందుకు మన దగ్గర ముందే డబ్బు తీసుకుంది. కుర్రాడికి సరైన జీతం ఇవ్వకుండా, గుమ్మం గుమ్మానా అడుక్కోమని పంపితే అతడికీ అన్యాయం, మనకీ అన్యాయం. నిలదీయాల్సింది ఎవరినో తెలిస్తే అతడి మీద కోపం రాదు.

బండలో ఉండాల్సిన గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు దాని మీదే చెక్కి ఉంటుంది. రెండూ కలిపి తూకానికి సరిపోవాలి. తూచి ఇవ్వమని అడగొచ్చు, కాటా వెంట తేవడం వాళ్ల బాధ్యత. మెడ దగ్గర "ఏ-26" వంటి గుర్తు కూడా చూడాలి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, ఇలా డి దాకా నాలుగు త్రైమాసికాలు. ఆ గడువు లోపల బండను మళ్లీ పరీక్షించాలి. గడువు దాటిన బండ ఇస్తే తీసుకోనక్కర్లేదు. ఇది డబ్బు సంగతి కాదు, వంటింట్లో ప్రాణాల సంగతి.

ఏప్రిల్ 21, సోమవారం

జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చాయి. విజయవాడ బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పొడవునా పిల్లల ఫొటోలే. కైకలూరు నుంచో అవనిగడ్డ నుంచో వచ్చిన తండ్రి ఆ ఫొటోలు చూసి లక్షల ఫీజు కట్టడానికి సిద్ధపడతాడు. ర్యాంకు అంకె అంతెత్తున కనిపిస్తుంది. ఆ పిల్లవాడు అక్కడ ఏ కోర్సు చదివాడో, ఎన్నాళ్లు చదివాడో, ఎన్ని వేలమందిలో అది ఒక్కడి ర్యాంకో ఎక్కడా రాయరు.

కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబర్ 13న ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. నెగ్గిన విద్యార్థి ఫొటో వాడాలంటే ఫలితం వచ్చాక అతడి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఏ కోర్సు, ఎంతకాలం, ఫీజు కట్టి చదివాడా లేదా అన్నది ఫొటో పక్కనే కనబడాలి. వంద శాతం ఎంపిక గ్యారంటీ అనకూడదు. "కొన్ని సీట్లే మిగిలాయి" అని లేని తొందర పుట్టించకూడదు. మధ్యలో మానేసిన పిల్లల ఫీజు తిరిగి ఇవ్వని సంస్థల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి డబ్బు రాబట్టుకున్న కుటుంబాలు దేశంలో చాలా ఉన్నాయి.

ఈ ఊరి పేరు చెబితే ఇంటర్ కాలేజీలు గుర్తొచ్చే స్థితి వచ్చి దశాబ్దాలైంది. మార్గదర్శకాలు ముందుగా పాటించాల్సిన ఊరు ఇదే. ఆ తండ్రి పొలం మీద అప్పు తెచ్చి కొనేది ఒక ప్రకటనలోని మాటను. ఆ మాట నిజమో కాదో అడిగే హక్కు ఆయనకు ఉంది.

మే 11, ఆదివారం

నున్న మామిడి మార్కెట్టుకు తెల్లవారుజామునే వెళ్లాను. నూజివీడు వైపు నుంచి లారీలు వస్తున్నాయి. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, తోతాపురి. కాయ పచ్చిగానే వెళ్తుంది. పండేది దారిలోనో, మరో ఊరి గోదాములోనో.

కాల్షియం కార్బైడ్‌తో పండించడాన్ని ఆహార భద్రత నిబంధనలు 2011 నుంచీ నిషేధించాయి. కార్బైడ్ తడి తగిలి అసిటిలీన్ వాయువు వదులుతుంది. దాంతోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు కాయకు చేరతాయి. దానికి బదులు గదిలో ఇథిలీన్ వాయువును పది లక్షల పాళ్లకు వంద పాళ్లు మించకుండా వదలొచ్చు. కాయ తనంతట తాను పండేటప్పుడు పుట్టేదీ ఆ వాయువే. ఉమ్మడి హైకోర్టు 2015లో కార్బైడ్ వాడకాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది.

ఒక రైతు అన్నాడు: "ముందు కోస్తే రేటు, ఆగితే గాలివాన భయం. మేం ఆగలేకే వ్యాపారులు పొడి వేస్తున్నారు." కార్బైడ్ వెనక ఇంత కథ ఉంది. తినేవాడికి నష్టం ఎంతో ఏ కాటా చూపదు. పుస్తకంలో ఈ పేజీకి అంకె రాయలేకపోయినా, పెద్ద నష్టాల్లో ఇది ఒకటి.

జూన్ 14, శనివారం

పామర్రు దగ్గర బాబాయి వాళ్ల ఊరు. నారుమళ్లు పోసుకునే రోజులు కాబట్టి అరుగు మీద అంతా విత్తనాల మాటే. బాబాయి ఈసారి ఎంటీయూ 1061 తెచ్చాడు. "నారుమడిలో అంతా ఒక్కలాగే ఉంటదిరా. ఈనేటప్పుడు గానీ కేళీలు, అదే కల్తీ మొక్కలు, బయటపడవు. అప్పటికి మన చాకిరీ అంతా మడిలో కలిసిపోయి ఉంటది" అన్నాడు.

విత్తనంలో ఉన్న కష్టం అదే. కొన్న వస్తువు మట్టిలో కలిసిపోతుంది. చీర చిరిగితే చూపించొచ్చు, ఫ్యాను తిరగకపోతే పట్టుకెళ్లొచ్చు. చల్లిన గింజను ఎవరికి చూపించాలి? విత్తన సంస్థలు చాలాకాలం ఈ ఒక్క ప్రశ్న చాటునే నిలబడ్డాయి.

దానికి జవాబు దొరికింది మన రైతుల కేసులోనే. జాతీయ విత్తన సంస్థకూ మధుసూదన్ రెడ్డి తదితర రైతులకూ నడిచిన కేసులో 2012 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా ఫోరాల్లో గెలిచిన రైతుల మీద సంస్థ పై కోర్టులకు వెళ్తూ ఢిల్లీ దాకా చేరింది. రైతు పంట అమ్ముకుంటాడు కనుక వ్యాపారి అవుతాడనీ, వినియోగదారుడు కాడనీ వాదించింది. విత్తనాలకు వేరే చట్టం ఉంది కనుక ఈ ఫోరాలకు పని లేదంది. గింజను ల్యాబులో పరీక్ష చేయించలేదు కనుక నాసిరకమని తేలనే లేదంది. కోర్టు మూడింటినీ తోసిపుచ్చింది. బతుకు కోసం సేద్యం చేసే రైతు వినియోగదారుడే. విత్తన చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల చట్టం దూరమైపోదు. కొన్న గింజంతా చల్లేసే రైతు, రేపు కోర్టు అడుగుతుందని నమూనా దాచుకోవాలనడం అన్యాయం. అదే లాట్ నమూనా సంస్థ దగ్గర ఉంటుంది, కావాలంటే దాన్నే పరీక్షకు పంపించి ఉండొచ్చు.

బాబాయికి ఇది చెప్పి, బస్తాకు కుట్టిన నీలిరంగు ట్యాగు చూపించమన్నాను. ధ్రువీకరించిన విత్తనానికి ఆ రంగే ఉంటుంది. దాని మీద లాట్ నంబరు, గడువు అచ్చయి ఉంటాయి. వరికి మొలక కనీసం 80 శాతం ఉండాలి. ట్యాగు, ఖాళీ బస్తా, లాట్ నంబరు వేసిన బిల్లు పంట ఇంటికొచ్చేదాకా పారేయకూడదు. తేడా కనపడ్డ రోజునే మండల వ్యవసాయ అధికారికి రాసివ్వాలి, చేలో నిలబడి ఫొటోలు తీయాలి.

పక్క చేను రైతు ఇంకో మాట కలిపాడు. ఒకే లాట్ ఊళ్లో ఎవరెవరు తెచ్చారో ఇప్పుడే రాసిపెట్టుకుంటే మంచిదన్నాడు. ఒక్క చేను దెబ్బతింటే నీరు తప్పనో ఎరువు తప్పనో కంపెనీ తోసేస్తుంది. పక్కపక్క చేలన్నీ ఒకే లాట్‌తో ఒకేలా దెబ్బతింటే ఆ మాట నిలవదు. అరుగు మీదే కాగితం తీసి పేర్లు రాయడం మొదలుపెట్టారు.

జులై 3, గురువారం

పెట్రోలు బంకులో అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్ర అడగొచ్చు. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, అడిగిన వారి ఎదుట కొలిచి చూపాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకే అనుమతి. ఆ పైన తగ్గితే తప్పు బంకుదే. ఈ రోజు అడిగితే సరిగ్గా వచ్చింది. మేనేజరు విసుక్కోకుండా కొలిచి చూపించాడు. నిజాయతీగా నడిపేవాడికి మనం అడగడం మేలే చేస్తుంది. పక్కన తక్కువ పోసి లాభపడేవాడితో పోటీ పడి నష్టపోయేది అతడే.

జులై 22, మంగళవారం

2019 చట్టం అమల్లోకి వచ్చి మొన్న 20వ తేదీకి ఐదేళ్లు నిండాయి. ఉమ్మడి కృష్ణా జిల్లాకు మచిలీపట్నంలో ఒకటి, విజయవాడలో ఒకటి వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. ఈ రోజు విజయవాడ కమిషన్‌లో పొద్దుటంతా కూర్చున్నాను.

చట్టం ఇచ్చింది తక్కువేమీ కాదు. కొన్న వస్తువు విలువ ఐదు లక్షల లోపయితే ఒక్క రూపాయి కూడా ఫీజు లేదు. 50 లక్షల వరకు జిల్లా కమిషనే వింటుంది. కంపెనీ ముంబయిలో ఉన్నా, మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. నష్టం జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. ఓడిన కంపెనీ పైకి వెళ్లాలంటే కట్టమన్న సొమ్ములో సగం ముందు జమ చేయాలి. తీర్పు పాటించకపోతే జైలుకు కూడా పంపొచ్చు.

ఫ్రిజ్ మీద కేసు వేసిన ఒక టీచరమ్మ ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బిల్లు, వారంటీ కార్డు, కంపెనీకి రాసిన ఉత్తరాలు, మెకానిక్ చీటీలు, అన్నీ తేదీల వరుసలో. అవతలి పక్షం మళ్లీ వాయిదా కోరింది. చట్టం మూడు నెలల్లో తేల్చమంటుంది, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో. దేశమంతటా కేసులు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. సభ్యుల ఖాళీలు నింపరు, అడిగినవారికల్లా వాయిదాలు ఇస్తారు. "ఫ్రిజ్ ఎప్పుడో మార్చేశానండీ. ఇంకొకరికి అంటగట్టకూడదని తిరుగుతున్నాను" అన్నారావిడ. ఇలాంటివారి ఓపిక మీద చట్టం బతుకుతోంది. వారి ఓపికను ఇంత ఖర్చుపెట్టించడం ప్రభుత్వాల తప్పు.

ఆగస్టు 9, శనివారం

2018 ఆగస్టులో విజయవాడ ఫోరం తీర్పు దేశమంతా పత్రికల్లో వచ్చింది. మల్టీప్లెక్సుల్లో నీళ్లకూ తినుబండారాలకూ వేసే ధరల మీద ఒక వినియోగదారుల సంఘం ఫిర్యాదు చేసింది. ఫోరం నగరంలోని ఐదు మల్టీప్లెక్సులకు తలా 5 లక్షల జరిమానా వేసింది. సినిమాకు వెళ్లిన ఒక్కొక్కరి నష్టం వంద రూపాయలో రెండు వందలో. ఒక్కరూ కోర్టుకు వెళ్లేవారు కారు. సంఘం వెళ్లింది కాబట్టే ఆ చిల్లరంతా ఒక చోట చేరి కేసయింది.

హాల్లోకి బయటి తిండి తెచ్చుకునే సంగతి తర్వాత వేరే రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. 2023 జనవరి 3న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ నరసింహ తీర్పు చెప్పారు. హాలు యజమాని బయటి తిండి వద్దనవచ్చు. అయితే శుభ్రమైన తాగునీరు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల తిండిని ఆపకూడదు. మనవైపు నుంచి చూస్తే కొంత పోయింది, కొంత మిగిలింది. మిగిలినదాన్ని వాడుకుంటున్నామా? ఇంటర్వెల్లో ఉచిత నీళ్లు ఎక్కడని అడిగేవాళ్లు ఎంతమంది?

సీసా మీద గరిష్ఠ ధర అచ్చయ్యాక, చల్లగా ఉందని పది రూపాయలు ఎక్కువ తీసుకోకూడదు. 2018 జనవరి నుంచి ఒకే సరుకుకు రెండు చోట్ల రెండు గరిష్ఠ ధరలు ముద్రించడం కూడా కుదరదు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్ల సంగతి వేరని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కిళ్లీకొట్టుకూ బస్టాండు స్టాలుకూ ఆ మినహాయింపు లేదు.

ఆగస్టు 28, గురువారం

బాబాయి ఫోన్. యూరియా కోసం తెల్లవారకముందే క్యూ కట్టారట. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. దాంతోపాటు సూక్ష్మపోషకాల ప్యాకెట్టు కొంటేనే బస్తా ఇస్తానన్నాడట డీలరు. రైతులు దీన్ని "లింకు" అంటారు. ఒకటి కావాలంటే మరొకటి కొనాలనడం వినియోగదారుల చట్టం ప్రకారం నిర్బంధ వాణిజ్య పద్ధతి. బిల్లులో రెండూ వేరువేరుగా వేయమని అడిగితే డీలరు బిల్లే ఇవ్వడు. 2019 చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వాణిజ్య పద్ధతే.

కొరత ఉన్న చోట హక్కు నోరు మూసుకుంటుంది. వరి ఎదిగే వేళ నాలుగు రోజులు ఆగలేడు రైతు. అందుకే ఈ ఫిర్యాదు క్యూలో నిలబడ్డ మనిషి ఒంటరిగా చేయలేడు. ఊరు చేయాలి, రైతు సేవా కేంద్రం ముందు పదిమంది నిలబడి రాసివ్వాలి. విత్తనాల లాట్ రాసుకున్న కాగితం ఉంది కదా, ఆ పేర్లతోనే మొదలుపెట్టమన్నాను.

సెప్టెంబర్ 1, సోమవారం

బుడమేరు వాగు ఊరిని ముంచి ఏడాది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం. ఆ రోజుల్లో కొందరు ప్రైవేటు పడవలవాళ్లు మనిషికి వేల రూపాయలు అడిగారని పత్రికల్లో వచ్చింది. అదే నీళ్లలో పాల ప్యాకెట్లు, అన్నం పొట్లాలు తలమీద పెట్టుకుని ఉచితంగా పంచిన వాళ్లూ ఉన్నారు. రెండూ ఈ ఊరే చేసింది, రెండూ గుర్తుంచుకోవాలి.

నీళ్లు తీశాక బీమా సంగతి మొదలైంది. క్లెయిమ్‌ల కోసం నగరంలోనే ప్రత్యేక కేంద్రం పెట్టాల్సి వచ్చింది. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూసినవాళ్లకు ఇంజిన్‌లోకి నీరు లాగింది. ఇంజిన్ రక్షణకు అదనపు పాలసీ లేకపోతే ఆ నష్టం కట్టనంటుంది కంపెనీ. పాలసీ అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పినవాళ్లు అరుదు. సమాచారం పొందే హక్కు అంటే అమ్మే రోజున చెప్పడం. ముప్పై పేజీల పాలసీలో ఎక్కడో ఉందని మునిగిన రోజున చూపించడం సమాచారం కాదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాయాలి. అక్కడ న్యాయం జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించగలరు. అయితే ఏడాది లోపు వెళ్లాలి.

సెప్టెంబర్ 22, సోమవారం

ఇంద్రకీలాద్రి మీద దసరా మొదలైంది. కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చిందీ ఈ రోజే. సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె, షాంపూ 18 శాతం నుంచి 5కి దిగాయి. నెయ్యి, వెన్న 12 నుంచి 5కి. పెద్ద టీవీ, ఏసీ 28 నుంచి 18కి. పాత సరుకు మీద కొత్త ధర చీటీ అంటించొచ్చు. కింద పాత ధర మాత్రం కనబడాలి.

మా వీధి కిరాణాకొట్టు ఆయన మధ్యాహ్నానికే సబ్బుల ధరలు తగ్గించారు. "మేం తగ్గించకపోతే మీరు అడుగుతారు కదండీ" అన్నారు. రోడ్డు మీద పెద్ద దుకాణంలో అవే సబ్బులు పాత ధరకే బిల్లయ్యాయి. సిస్టంలో ఇంకా మారలేదన్నారు. పెద్ద దుకాణంలో రోజుకు ఎన్ని బిల్లులు వేస్తారో తలచుకుంటే, మారని ఆ ఒక్క రోజు ఎంతవుతుందో అర్థమవుతుంది. తేడా ఇవ్వమన్నాను, ఇచ్చారు. నా వెనకవాళ్లూ అడిగారు, వాళ్లకూ ఇచ్చారు.

అక్టోబర్ 18, శనివారం

ధనత్రయోదశి. పది గ్రాముల బంగారం లక్ష దాటిన ఈ రోజుల్లో కూడా బందరు రోడ్డు నగల దుకాణాల్లో నిలబడే చోటు లేదు.

హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులుంటాయి: బీఐఎస్ ముద్ర, 22కే916 వంటి స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ మూడోది లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరు స్థానాలు కొడితే ఎవరు చేశారు, ఎక్కడ పరీక్షించారు అన్నీ వస్తాయి. స్వచ్ఛత తక్కువని తేలితే తేడా సొమ్ముకు రెట్టింపు పరిహారం ఇవ్వాలని 2018 బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి.

ఎక్కువమంది నష్టపోయేది స్వచ్ఛతలో కాదు, తూకంలో. రాళ్ల హారం తూచేటప్పుడు రాళ్లనూ బంగారం ధరకు కలిపేస్తే, రెండు గ్రాముల రాళ్లకు ఇరవై వేల పైమాటే. బిల్లులో బంగారం నికర బరువు, రాళ్ల బరువు, తరుగు, మజూరీ విడివిడిగా రాయించుకోవాలి. పెళ్లినగ కొనేటప్పుడు తల్లులు డిజైను చూస్తారు, తండ్రులు మొత్తం చూస్తారు. మధ్యలో ఈ నాలుగు వరుసలు ఎవరో ఒకరు చదవాలి.

బందరు చిలకలపూడి నగలు గుర్తొచ్చాయి. గిల్టు అని చెప్పే చేస్తారు, గిల్టు ధరకే అమ్ముతారు. తరాలుగా ఆ పని మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెబితే రాగి మీద పూత కూడా నిజాయతీ సరుకే. చెప్పకపోతే మేలిమి బంగారం అమ్మినా మోసమే.

నవంబర్ 16, ఆదివారం

చిల్లర ఒక చోట చేరితే ఎంతవుతుందో ఈ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ 2014 చివర్లో చెల్లింపులు ఆపింది. దాదాపు 32 లక్షల మంది డిపాజిటర్లు, దాదాపు 6,380 కోట్ల రూపాయలు. నెలనెలా వందల్లో కట్టిన కూలీలు, చిన్న ఉద్యోగులు, గృహిణులే ఎక్కువ. ఏజెంట్లూ ఆయా ఊళ్లవాళ్లే. రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబర్‌లో పదివేల లోపు డిపాజిటర్లకు, 2021 ఆగస్టులో ఇరవైవేల లోపు వారికి డబ్బు ఇచ్చింది. రెండు విడతలూ కలిపి 900 కోట్ల పైచిలుకు. మిగతావారు పదేళ్లు దాటినా ఆస్తుల వేలం కోసం చూస్తున్నారు.

1999 నుంచీ రాష్ట్రంలో డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది. 2019లో కేంద్రం అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం తెచ్చింది. డిపాజిట్ తీసుకునే సంస్థకు అనుమతి ఉందో లేదో రిజర్వ్ బ్యాంక్ "సచేత్" వెబ్‌సైట్‌లో చూడొచ్చు, అక్కడే ఫిర్యాదూ చేయొచ్చు. ఇంటికొచ్చి వసూలు చేసేవాడు మనవాడే అయినప్పుడు, అనుమతి కాగితం అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఆ అడగడం అవమానం కాదు. ఏజెంటుకూ మేలే. అడిగి ఉంటే ఎంతమంది ఏజెంట్లు సొంత ఊళ్లో తలెత్తుకు తిరిగేవాళ్లో.

డిసెంబర్ 24, బుధవారం

జాతీయ వినియోగదారుల దినం. 1986లో ఈ తేదీనే చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది.

సాయంత్రం మా అపార్ట్‌మెంటువాళ్లం, పక్క రెండు అపార్ట్‌మెంట్లవాళ్లం కింద పార్కింగ్‌లో కూర్చుని గ్యాస్ సంగతి మాట్లాడాం. ఒకే ఏజెన్సీ, ఒకే వసూలు, అన్ని ఇళ్లలో. వినియోగదారులను ఒక వర్గంగా దెబ్బతీసే పద్ధతుల మీద విచారించి ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం 2019 చట్టం జిల్లా కలెక్టరుకు ఇచ్చింది. చాలామందికి అదే తెలియదు. ఒకే రకం నష్టం పొందినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే కేసు వేయడానికీ వీలుంది. ముందు కలెక్టరుకే రాద్దామనుకున్నాం.

అర్జీ మూడో అంతస్తు వదినగారే రాశారు. బండ ధరలో ఇంటికి చేర్చే ఖర్చు కలిసి ఉందని ఏజెన్సీ ఆఫీసు ముందు తెలుగులో బోర్డు పెట్టించాలి. ప్రతి డెలివరీ బండికీ ముద్ర వేసిన కాటా ఉండాలి, అడిగినవారికి తూచి ఇవ్వాలి. బండలు మోసే కుర్రాళ్లకు ఏజెన్సీ ఎంత జీతం ఇస్తోందో కార్మిక శాఖ చేత విచారింపజేయాలి. మూడోది ఆవిడ పట్టుబట్టి రాశారు. అది లేకపోతే సంతకం పెట్టనన్నారు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ముగ్గురం వెళ్తున్నాం. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి, రసీదు నంబరు మూడు అపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డుల మీదా రాయాలి. జవాబు రాకపోతే మళ్లీ సోమవారం ఇంకో ముగ్గురు వెళ్తారు. ఎవరు వెళ్లాలో పేర్లు ఇప్పుడే రాసుకున్నాం.